పొగమంచులో నారింజ సూర్యుడు: మోనే సముద్రచిత్రాల్లో మూడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

సంక్షిప్తంగా: ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1872లో గీసిన ‘ఇంప్రెషన్ (మనసులో పడిన ముద్ర), సూర్యోదయం’ చూసి కొందరు ప్రశాంతంగా ఉందంటారు, కొందరు దిగులుగా ఉందంటారు, ఇంకొందరు అసలు పూర్తే కాలేదంటారు. ఈ మూడు మాటలకూ కారణాలు ఆ బొమ్మలోనే కనిపిస్తాయి. సూర్యుడికీ ఆకాశానికీ వెలుగు మోతాదు దాదాపు సమానంగా ఉంచడం, రంగును పల్చగా పూయడం, అంచులను మంచులో కరిగించడం వాటిలో ముఖ్యమైనవి. అదే చిత్రకారుడు ఇతర తీరాల్లో గీసిన బొమ్మలతో పోల్చి చూస్తే, మూడ్ అనేది ఎలాంటి నిర్ణయాల వల్ల పుడుతుందో తెలుస్తుంది.

పేరు పెట్టిన గొడవ

1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, ఫొటోగ్రాఫర్ నడార్ అంతకుముందు స్టూడియోగా వాడిన గదుల్లో ఒక ప్రదర్శన మొదలైంది. సలోన్ అనే ప్రభుత్వ చిత్రప్రదర్శనను కాదనుకుని సుమారు 30 మంది చిత్రకారులు సొంతంగా పెట్టుకున్న ప్రదర్శన అది. అందులో మోనే పెట్టిన వాటిలో 48 సెంటీమీటర్ల ఎత్తు, 63 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఒక చిన్న రేవు దృశ్యం ఉంది. కేటలాగ్ కోసం పేరు అడిగితే, దీన్ని ‘లె హావ్ర్ దృశ్యం’ అనడానికి వీల్లేదు కాబట్టి ‘ఇంప్రెషన్’ అని రాయమన్నానని మోనే తర్వాత చెప్పుకున్నాడు.

పది రోజులకు లూయీ లెరోయ్ అనే విమర్శకుడు ఒక వ్యంగ్య పత్రికలో ఆ మాటను పట్టుకుని మొత్తం బృందాన్నే ఎగతాళి చేశాడు. గోడకు అంటించే కాగితం తయారీలో సగంలో ఉన్నా ఈ సముద్రం కంటే పూర్తయినట్టు కనిపిస్తుందన్నది అతని వాదన. ‘ఇంప్రెషనిస్టులు’ అన్న పేరు అలా స్థిరపడింది. అదే నెలలో కాస్తాన్యారీ అనే మరో విమర్శకుడు మాత్రం విషయాన్ని సరిగ్గా పట్టుకున్నాడు. వీళ్లు ప్రకృతి దృశ్యాన్ని కాదు, ఆ దృశ్యం మనసులో కలిగించే అనుభూతిని గీస్తున్నారని రాశాడు. 150 ఏళ్లు గడిచిన సందర్భంగా 2024లో పారిస్‌లోని ఓర్సే మ్యూజియం ఆ తొలి ప్రదర్శన మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. దాంతో ఈ బొమ్మ మళ్లీ అందరి నోళ్లలో నానింది, పాత సందేహాలూ తిరిగొచ్చాయి.

కాస్తాన్యారీ మాటను ఈనాటికీ చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. అనుభూతిని గీయడమంటే మనసుకు తోచినట్టు రంగు పులమడం అనుకుంటారు. నిజానికి అనుభూతి కలిగించాలంటే చూసేవాడి కన్ను ఎలా పనిచేస్తుందో తెలియాలి, ఏది వదిలేయాలో అంతకంటే బాగా తెలియాలి.

బొమ్మలో ఉన్నదేమిటి

ఇది ప్రకృతి ఒడిలోని నిర్మలమైన సముద్రతీరం కాదు. ఫ్రాన్స్ ఉత్తరాన, నార్మండీలో, సేన్ నది సముద్రంలో కలిసేచోట ఉన్న పెద్ద ఓడరేవు లె హావ్ర్. మోనే పెరిగింది ఆ ఊళ్లోనే. ఆరుబయట కూర్చుని గీయడం అతనికి అలవాటు చేసిన యూజీన్ బూదాన్ పరిచయమైందీ అక్కడే. రేవుకు ఎదురుగా ఉన్న హోటల్ కిటికీలోంచి ఆగ్నేయ దిక్కుకు చూస్తూ ఈ బొమ్మ గీశాడు. వెనక నీలి మసకలో నిలువుగా కనిపించేవి చెట్లు కావు, ఓడల తెరచాప స్తంభాలు, క్రేన్లు, ఫ్యాక్టరీల పొగగొట్టాలు. సూర్యుడు లేస్తున్నది కూడా సముద్రం మీద కాదు, ఓడరేవు కట్టడాల వెనక నుంచి.

ముందు వరసలో మూడు చిన్న పడవలు ఏటవాలుగా ఉంటాయి. దగ్గరిది దాదాపు నల్లగా, రెండోది కొంచెం లేతగా, మూడోది మంచులో కలిసిపోతున్నట్టుగా. దూరాన్ని చూపడానికి సంప్రదాయ చిత్రకారులు రోడ్డునో, గట్టునో, ఇళ్ల వరసనో సన్నబడుతూ పోయేలా గీసేవారు. ఇక్కడ ఆ పని చేస్తున్నవి మూడు పడవల నలుపులో తేడాలే. మొదటి పడవలో ఇద్దరు మనుషులున్నారని తెలుస్తుంది గానీ వాళ్ల ముఖాలు కనిపించవు. చూపు నిలపడానికి మనిషి ముఖం లేకపోతే కన్ను తిరిగి తిరిగి సూర్యుడి దగ్గరికే వెళ్తుంది. దిగులుగా ఉందనేవారి అభిప్రాయానికి ఒక కారణం ఈ ఒంటరితనమే కావచ్చు.

సూర్యుడు ఎందుకు కదులుతున్నట్టు ఉంటాడు

అసలు కిటుకు సూర్యుడిలో ఉంది. ఈ బొమ్మ ఫొటోను ఫోన్‌లో తెరిచి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడవచ్చు. పడవలు అలాగే ఉంటాయి, సూర్యుడు మాత్రం దాదాపు మాయమైపోతాడు. చుట్టూ ఉన్న బూడిదరంగు ఆకాశానికీ ఆ నారింజ రంగుకూ వెలుగు మోతాదు ఇంచుమించు ఒకటే కావడం దీనికి కారణం. వాటి మధ్య తేడా రంగులోనే ఉంది. హార్వర్డ్‌లో చూపు మీద పరిశోధన చేసిన మార్గరెట్ లివింగ్‌స్టన్ ఈ సంగతిని వివరంగా చెప్పారు.

మెదడులో చూపుకు సంబంధించిన పని ప్రధానంగా రెండు దారుల్లో నడుస్తుంది. ఒక దారి రంగును పెద్దగా పట్టించుకోదు, వెలుగు నీడల తేడాను చూస్తుంది. వస్తువు ఎక్కడ ఉంది, ఎంత దూరంలో ఉంది, కదులుతోందా అన్నది తేల్చేది అదే. రెండో దారి రంగునూ రూపాన్నీ గుర్తిస్తుంది. మోనే సూర్యుడు రెండో దారికి స్పష్టంగా కనిపిస్తాడు, మొదటిదానికి దాదాపు కనిపించడు. ‘అదిగో ఎర్రగా సూర్యుడు’ అని ఒకటి చెబుతుంటే, ‘అక్కడ ఏమీ లేదే’ అని ఇంకొకటి అంటుంది. సూర్యుడు ఆకాశంలో స్థిరంగా అతికినట్టు కాక వణుకుతున్నట్టు, కొట్టుకుంటున్నట్టు అనిపించడానికి కారణం ఈ పొంతన లేకపోవడమే.

నిజమైన సూర్యుడు ఆకాశం కంటే ఎన్నో రెట్లు ప్రకాశంగా ఉంటాడు. కాన్వాస్ మీద తెల్లరంగు కంటే వెలుగైనది దొరకదు కాబట్టి ఆ తేడాను ఏ చిత్రకారుడూ అలాగే చూపలేడు. అందుకే చాలామంది సూర్యుడిని బొమ్మ మొత్తంలో అత్యంత లేత రంగుగా గీసేవారు. మోనే వెలుగుతో పోటీ పడడం మానేసి, రంగుతో పని జరిపించాడు. చుట్టూ నీలం, బూడిద. మధ్యలో వాటికి ఎదురు రంగైన నారింజ. ఎదురు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాన్ని ఒకటి పెంచి చూపిస్తాయని, గోబ్లాన్ వస్త్రశాలలో అద్దకం పనులు చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే సూత్రంగా చెప్పాడు. మోనే పుస్తకం పక్కన పెట్టుకుని గీశాడనుకోనక్కర్లేదు, ఆ ఆలోచన అప్పటికి ఫ్రెంచి చిత్రకారుల మాటల్లోకి వచ్చేసింది.

ఇక్కడ తెలుగువారికి పనికొచ్చే పోలిక ఒకటుంది. విశాఖ తీరంలో చూసిన సూర్యోదయంతో ఈ బొమ్మను పోలిస్తే, ఎర్రటి సూర్యుడు మంచులో ఇంతసేపు ఎలా నిలిచాడన్న అనుమానం రావచ్చు. విశాఖ సుమారు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, లె హావ్ర్ 49.5 డిగ్రీల మీద ఉంది. ఉత్తరానికి పోయేకొద్దీ సూర్యుడు నిటారుగా కాక ఏటవాలుగా పైకి వస్తాడు. నవంబరు మధ్యలో దిగంతం నుంచి 3 డిగ్రీలు ఎక్కడానికి విశాఖలో సుమారు 13 నిమిషాలు పడితే, లె హావ్ర్‌లో సుమారు 21 నిమిషాలు పడుతుంది. కళ్లు చికిలించకుండా చూడగల సూర్యుడు అక్కడ ఎక్కువసేపు ఉంటాడు, చిత్రకారుడికి అదే చాలా పెద్ద అదను.

పల్చటి రంగు, కొద్దిపాటి గీతలు

దగ్గరగా చూస్తే ఆకాశం, నీళ్లు చాలా పల్చటి రంగుతో పూసినవని తెలుస్తుంది. కొన్నిచోట్ల కింద పూసిన లేత బూడిద పూత బయటికే కనిపిస్తుంది. ఆ పూతే పొగమంచుగా పనిచేస్తోంది. గట్టిగా రంగు పెట్టినవి కొన్నే: సూర్యుడు, నీటి మీద నారింజ గీతలు, దగ్గరి పడవ, దాని కింద అడ్డంగా వేసిన ముదురు అల గీతలు. మందంగా ఉన్న చోట కన్ను ఆగుతుంది, పల్చగా ఉన్న చోట జారిపోతుంది. నిశ్శబ్దంగా ఉందన్న భావన చాలావరకు ఈ అమరిక నుంచే వస్తుంది. లెరోయ్‌కి ‘పూర్తికాలేదు’ అనిపించింది సరిగ్గా ఈ ఖాళీయే.

ఇంత వేగంగా పని చేయడానికి సామగ్రి కూడా కలిసొచ్చింది. అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ 1841లో లోహపు రంగు ట్యూబ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు రంగుపొడిని నూనెలో నూరుకుని, పంది మూత్రాశయంతో చేసిన తిత్తుల్లో దాచుకునేవారు. అవి చిరిగేవి, ఎండిపోయేవి. ట్యూబ్ వచ్చాక రంగులను ఎక్కడికైనా మోసుకెళ్లడం సులువైంది. కొత్త రంగులూ వచ్చాయి. కోబాల్ట్ నీలం 1802 నుంచి, చవకైన కృత్రిమ అల్ట్రామెరీన్ నీలం 1820ల చివరి నుంచి, విరిడియన్ అనే పారదర్శకమైన ఆకుపచ్చ 1859 నుంచి దొరికాయి. నీడ అంటే గోధుమ, నలుపు అన్న పాత అలవాటు సడలి, నీడలు నీలంగా, ఊదాగా మారడానికి ఈ రంగులు వీలు కల్పించాయి. వెంట్రుకలను లోహపు పట్టీతో బిగించిన బల్లపరుపు కుంచెలతో, ఒక్క విసురులో చదునైన, వెడల్పాటి గీత వేయడం వీలైంది. ఈ బొమ్మ నీళ్లలో కనిపించే పొట్టి అడ్డగీతలు అలాంటివే.

మరో ప్రభావం లండన్. జర్మన్ రాజ్యమైన ప్రష్యాతో ఫ్రాన్స్‌కు యుద్ధం నడుస్తుండగా మోనే 1870 చివరి నుంచి 1871 మధ్య దాకా అక్కడే ఉండి, ఇంగ్లిష్ చిత్రకారుడు టర్నర్ బొమ్మలు చూశాడు. పొగమంచు అన్నది దృశ్యాన్ని దాచే అడ్డంకి కాదు, అదే దృశ్యం కావచ్చన్న ధైర్యం అక్కడ దొరికి ఉంటుంది.

అదే చేయి, వేరే తీరాలు

మూడ్ అంతా చిత్రకారుడి స్వభావం నుంచే వస్తుందని నమ్మితే, మోనే తీర చిత్రాలన్నీ ఒకే స్వరంలో పలకాలి. అలా పలకవు.

1870 వేసవిలో త్రూవిల్ బీచ్‌లో గీసిన చిన్న బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. గొడుగులు పట్టుకుని కూర్చున్న ఇద్దరు స్త్రీలు, మధ్యలో ఖాళీ కుర్చీ. తెల్లరంగు మందంగా, వేగంగా పడింది, దాని పక్కనే నలుపు. ఆ వెలుగు నీడల తేడా వల్ల బొమ్మంతా చురుక్కుమనే ఎండలా ఉంటుంది. రంగులో ఇసుక రేణువులు ఇరుక్కుని ఉండడం గ్యాలరీ పరిశీలనలో బయటపడింది. గాలికి ఎగిరిన బీచ్ ఇసుక తడిరంగుకు అంటుకుంది. ఆరుబయట గీశాడనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

1882లో గీసిన ‘పూర్విల్ కొండగట్టు మీద నడక’ ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. కొండ అంచున ఇద్దరు స్త్రీలు, కింద సముద్రం మీద తెరచాపలు. ఇక్కడ గాలి కనిపిస్తుంది. గడ్డిని పొట్టిగా, వంపుగా ఉండే కుంచె గీతలతో గీశాడు. అవే గీతలను కాస్త మార్చి స్త్రీల దుస్తులకూ, సముద్రపు అలలకూ వాడాడు. గడ్డి, బట్ట, నీరు మూడూ ఒకే లయలో కదులుతుంటే ఒకే గాలి అన్నిటినీ తాకుతున్నట్టు అనిపించక తప్పదు. ఎక్స్‌రే తీసి చూస్తే, కుడివైపు రాతిగుట్టను మొదట పెద్దదిగా గీసి తర్వాత తగ్గించాడని తేలింది. సముద్రానికీ ఆకాశానికీ తూకం కుదరడానికి చేసిన మార్పు అది. ఒక్క ఊపులో ఉరవడిగా వచ్చినట్టు కనిపించే బొమ్మ వెనక ఇంత లెక్క ఉంది. ఇంప్రెషనిస్టు బొమ్మ అంటే ఒక్క కూర్చోవడంలో అయిపోయేదన్న నమ్మకాన్ని ఈ ఎక్స్‌రే ఒక్కటే సడలిస్తుంది.

ఎత్రెతా తీరంలో సుద్దరాయి కొండలు అలల తాకిడికి కమానుల్లా తొలిచి ఉంటాయి. వాటిలో పెద్దదైన మాన్‌పోర్త్‌ను 1883లో గీసిన బొమ్మ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. రాయి దాదాపు కాన్వాస్ నిండా ఉంటుంది. దాని ముందు మనుషులు చీమల్లా ఉంటారు. అయితే ఆ రాయి బూడిద రంగులో లేదు. సాయంత్రపు ఎండ తగిలిన వైపు గులాబీ, నారింజ, తగలని వైపు నీలం, ఊదా. బరువైన వస్తువును ఇంత తేలిక రంగులతో గీయడం వల్ల భయమూ, అందమూ ఒకేసారి కలుగుతాయి. ఆ తీరంలో ప్రమాదం నిజమైనదే. 1885 నవంబరులో మోనే అక్కడ పోటు వేళ లెక్క తప్పాడు. ఒక అల అతన్ని కొండకేసి కొట్టి నీళ్లలోకి లాగింది. కాన్వాస్, దాన్ని నిలబెట్టే ఈజెల్ కొట్టుకుపోయాయి, గడ్డమంతా నీలం, పసుపు రంగులు అంటుకున్నాయని ఉత్తరంలో రాశాడు.

చివరిది 1886 శరత్కాలంలో బ్రిటనీ తీరానికి దూరంగా ఉన్న బెల్ ఈల్ ద్వీపం. కొద్ది రోజుల కోసం వెళ్లి రెండు నెలలకు పైగా ఉండి, దాదాపు 40 కాన్వాసులు గీశాడు. వాటిలో చాలావాటిలో దిగంతరేఖను కాన్వాస్ పైఅంచు దాకా నెట్టేశాడు. ఆకాశం ఓ సన్నని పట్టీ, కొన్నిట్లో అదీ నామమాత్రమే. ‘సూర్యోదయం’లో ఆకాశం, నీళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోవడంతో చూసేవాడికి ఊపిరి తీసుకునే చోటు దొరికింది. బెల్ ఈల్‌లో ఆ చోటే లేదు. చూపు పైకి పోవడానికి వీల్లేదు, నీళ్లలోకే దిగాలి. ముదురు నీలం, ఆకుపచ్చ, ఊదా రంగులు కామాల్లాంటి గీతలుగా మందంగా పడ్డాయి, రాళ్ల చుట్టూ నురుగు తెల్లగా విరిగింది. మనిషి లేడు, పడవ లేదు. ఇది చూసి ఎవరూ ప్రశాంతంగా ఉందనరు. సముద్రం ఒక్కటే కారణం కాదు, దిగంతరేఖను ఎక్కడ గీశాడన్నది అంతకంటే పెద్ద కారణం. సముద్రచిత్రం మూడ్‌ను చదవడానికి మొట్టమొదట చూడాల్సింది ఆ రేఖనే.

మసక దేనివల్ల: మంచా, పొగా, కంటి జబ్బా?

2023 జనవరిలో అన్నా లీ ఆల్‌బ్రైట్, పీటర్ హ్యూబర్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రచురించారు. టర్నర్, మోనే గీసిన సుమారు 100 బొమ్మలను పోల్చి, పారిశ్రామిక కాలంలో గాలిలో కాలుష్యం పెరిగేకొద్దీ బొమ్మల్లో అంచులు మసకబారాయని, రంగులు తెల్లబారాయని చెప్పారు. పొగ కణాలు వెలుగును చెదరగొట్టి కాంట్రాస్ట్‌ను తగ్గిస్తాయి కాబట్టి ఈ వాదనకు భౌతికశాస్త్రం నుంచి బలం ఉంది. వార్తల్లో మాత్రం ఇది ‘ఇంప్రెషనిజం కాలుష్యం వల్ల పుట్టింది’ అన్నంత దూరం వెళ్లింది. అంత దూరం వెళ్లనక్కర్లేదు. అదే లె హావ్ర్ పొగను అప్పట్లో చాలామంది చూశారు, చూసినవారంతా ఇలా గీయలేదు. పొగ విషయాన్ని ఇచ్చింది, దాన్ని ఏం చేయాలన్నది చిత్రకారుడు తేల్చుకున్నాడు.

కంటి జబ్బు వాదన ఈ బొమ్మకు అసలే వర్తించదు. మోనే కంట్లో శుక్లాలున్నాయని డాక్టర్లు చెప్పింది 1912లో, ఆపరేషన్ అయింది 1923లో. చివరి కాలపు తామరకొలను బొమ్మల్లో ఎరుపు, గోధుమ పెరగడానికి అది కారణమై ఉండొచ్చు. 1872లో అతని వయసు 31, చూపు బాగానే ఉంది.

ఉదయమా, సాయంత్రమా?

ఈ బొమ్మను 1874లో ఎర్నెస్ట్ హోషెడే అనే వ్యాపారి 800 ఫ్రాంకులకు కొన్నాడు. అతను దివాలా తీశాక 1878లో వేలంలో జార్జ్ ద బెల్లియో అనే డాక్టర్‌కు 210 ఫ్రాంకులకే పోయింది. ధర కంటే ఆసక్తికరమైన సంగతి, ఆ వేలంలో దాని పేరు ‘సూర్యాస్తమయం’గా నమోదు కావడం. ఆ పొరపాటు చాలాకాలం వెంటాడింది. అదే రంగులు, అవే గీతలు ఉన్నా, అస్తమయం అనుకుని చూస్తే పడవలు పని ముగించుకుని వస్తున్నట్టు ఉంటాయి, ఉదయం అనుకుంటే పనికి బయల్దేరుతున్నట్టు ఉంటాయి. అంటే కుంచె గీతలు మూడ్‌ను చాలావరకు నిర్ణయిస్తాయి గానీ, మిగతా కొంత పేరు చేతిలోనూ, చూసేవారి చేతిలోనూ ఉంటుంది.

అమెరికాలోని టెక్సస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త డొనాల్డ్ ఓల్సన్ దీన్ని లెక్క కట్టి తేల్చే ప్రయత్నం చేశారు. పాత పటాలు, ఫొటోలతో హోటల్ కిటికీ చూసే దిక్కు తెలుసుకున్నారు. ఆ దిక్కున సూర్యుడు ఆ ఎత్తులో ఉండేది నవంబరు మధ్యలో గానీ, జనవరి చివర్లో గానీ. పెద్ద ఓడలు లోపలికి రాగలిగేది పోటు సమయంలోనే కాబట్టి పోటు వేళలు చూశారు. అప్పటి వాతావరణ నమోదులతో తుఫాను రోజులను తీసేశారు. బొమ్మలో పొగ వాలిన తీరును గాలి దిక్కుతో పోల్చారు. చివరికి మిగిలిన వాటిలో ఎక్కువ అవకాశమున్నది 1872 నవంబరు 13, ఉదయం 7:35 ప్రాంతం. మోనే 32వ పుట్టినరోజుకు సరిగ్గా ఒక రోజు ముందు.

ఉదయమే అని తేలాక మరో వ్యాఖ్యానానికి బలం వచ్చింది. యుద్ధంలో ఓడిపోయి, ప్రష్యాకు భారీ పరిహారం కడుతూ, మళ్లీ పరిశ్రమలను నిలబెట్టుకుంటున్న ఫ్రాన్స్‌కు ఇది కొత్త పొద్దు అని కొందరు కళాచరిత్రకారులు అంటారు. క్రేన్లు, పొగగొట్టాలు దానికి సాక్ష్యమంటారు. వాదన బాగుంది గానీ, బొమ్మ దానికి పూర్తిగా తలూపడం లేదు. దేశ పునర్నిర్మాణాన్ని కీర్తించాలనుకున్నవాడు ఆ క్రేన్లను ఇంత మసకగా, గుర్తుపట్టడమే కష్టమయ్యేలా గీస్తాడా అన్నది గట్టి ప్రశ్నే. అక్కడ స్పష్టంగా ఉన్నవి సూర్యుడు, ఒక పడవ. మిగతా రేవంతా ఇంకా నిద్ర లేవలేదు.

ఆ కిటికీ దగ్గర నిలబడి సరిచూసుకునే వీలు ఇప్పుడు లేదు. 1944 సెప్టెంబరులో జరిగిన బాంబు దాడుల్లో లె హావ్ర్ నడిబొడ్డుతో పాటు ఆ హోటల్ కూడా నేలమట్టమైంది. యుద్ధం తర్వాత ఊరిని కాంక్రీటుతో కొత్తగా కట్టారు. బొమ్మ మాత్రం పారిస్‌లోని మార్మొతాన్ మోనే మ్యూజియంలో ఉంది. 1985లో అక్కడి నుంచి దొంగలు ఎత్తుకుపోతే, 1990లో కోర్సికా ద్వీపంలో దొరికింది.